చదరపు ఫోటోల కోసం ఫిల్మ్ కెమెరా మోయడంలో అంత ఏముంది?

కంటోన్మెంట్ కుర్రాడు, విజయనగరం:
మామయ్య స్టూడియో సామాను సర్దుతుంటే యాషికా మ్యాట్ 124జి దొరికింది, పైనుంచి గాజులోకి చూసి తీసే రెండు లెన్సుల పాత ఫిల్మ్ కెమెరా. లెన్సులు శుభ్రంగా ఉన్నాయి, షట్టర్ కొడుతోంది. కానీ రీలుకి 12 ఫోటోలే, అవీ చదరంగా. ఫోన్లో తీసి అంచులు కట్ చేసినా అదే చదరం కదా? కిలో పైగా బరువు మెళ్లో వేసుకు తిరిగేవాళ్లకి ఇందులో ఏం కనిపిస్తోంది? పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పట్టుకెళ్లాలని ఉంది. ఆ జనంలో ట్రైపాడ్ కుదరదు.

బల్బ్ మోడ్:
కట్ చేసుకో తమ్ముడూ. రీలు డబ్బులకి పండక్కి చొక్కా వస్తుంది.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
బాబూ, నేను చాలాకాలం పెళ్లి ఫోటోలు తీసినవాణ్ని. నిజానికి అప్పట్లో మేం చదరంగా తీసేదే కట్ చేయడానికి! పైనుంచి చూసే కెమెరాని పక్కకి తిప్పి చూడడం నరకం. అందుకని చదరంగా తీసేసి, అడ్డమో నిలువో ప్రింటు వేసే ఎన్‌లార్జర్ కింద తేల్చుకునేవాళ్లం. కట్ చేయకుండా ఉంచాలనిపించడం స్టూడియో మానేశాకే మొదలైంది.

పొందూరు వెళ్తుంటాను, ఖాదీ నూలు వడికే ఆడవాళ్ల దగ్గరికి. వాళ్లు నేల మీద కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఫోన్ కళ్ల ముందుకి ఎత్తామా, మొహం బిగుసుకుపోతుంది. యాషికా అయితే ఎదురుగా బాసింపట్టు వేసుకుని, కెమెరా ఒళ్లో పెట్టుకుని, తల వంచి గాజు మీద బొమ్మ చూసుకుంటాను. నేనేదో నా పనిలో ఉన్నాననుకుని వాళ్లు కబుర్లలో పడతారు. లెన్స్ సరిగ్గా వాళ్ల చేతుల ఎత్తులో ఉంటుంది. నిల్చుని తీస్తే నడినెత్తే కనబడుతుంది. పైగా కింద కూర్చున్న మనిషి ఎత్తూ, మోకాళ్ల మధ్య వెడల్పూ ఇంచుమించు సమానం. చదరంలో మనిషి నిండుగా పడుతుంది, పక్కన ఖాళీ గోడ మిగలదు.

నెగటివ్ సైజు సంగతి సరేసరి. 56 మిల్లీమీటర్ల చదరం, 35 ఎం.ఎం. నెగటివ్‌కి మూడున్నర రెట్లకి పైనే. హెచ్‌పి5 లాంటి 400 స్పీడు రీలు, అంటే తక్కువ వెలుతురుకి పనికొచ్చేది వేసినా, ఫిల్మ్ గింజ (ఫోటోలో కనబడే చుక్కలు) కళ్లకి గుచ్చుకోదు.

కంటోన్మెంట్ కుర్రాడు:
మాస్టారూ, చెయ్యి వణికితే? సాయంత్రం వెలుతురు తగ్గాక ఎంత షట్టర్ స్పీడు దాకా దిగొచ్చు?

నాగావళి గట్టు:
ఇందులో నొక్కగానే ఎగిరిపడి కెమెరాని కుదిపే అద్దం లేదు. షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది, టిక్కుమని ఊరుకుంటుంది. మెడ బెల్టు బిగిసేలా కెమెరాని కిందికి లాగి పట్టి, ఊపిరి బిగబట్టి నొక్కు. 1/30 సెకను దాకా నాకు బాగానే వస్తుంది. అంతకంటే తగ్గితే గోడకి ఆనుకోవాల్సిందే.

అసలు చిక్కు వేరు. గాజు మీద కుడి ఎడమలు తారుమారు. సిరిమాను కుడికి పోతుంటే బొమ్మ ఎడమకి పోతుంది, అలవాటు లేని చెయ్యి తప్పు వైపే తిప్పుతుంది. గాజు చుట్టూ లేచే హుడ్ ముందు రేకు లోపలికి నొక్కితే కంటి దగ్గర పెట్టి నేరుగా చూడొచ్చు. జనం అడ్డొస్తే కెమెరాని తలకిందులుగా నెత్తి మీదకెత్తి, గాజులోకి కిందనుంచి చూడు. పూజారి కొసన కూర్చునే ఆ పొడవాటి మాను ఎలాగూ వాలుగానే ఉంటుంది. మూల నుంచి మూలకి పట్టేలా నిలబడితే పూజారి పై మూలకి వస్తాడు, కింద జనానికి చోటుంటుంది. మాను ఒక్కటే కావాలంటే మాత్రం చదరం దండగ.

కళింగ తీరం:
రెండు మాటలు. ఆ కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి, ఇప్పుడది రావడం లేదు. 1.5 వేస్తే ముల్లు తప్పు చూపిస్తుంది, ఫోన్లో లైట్ మీటర్ యాప్ చాలు. ఫిల్మ్‌ని నొక్కిపట్టే వెనక ప్లేటు 12 ఫోటోల గుర్తు మీద ఉందో లేదో చూసుకో. బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడగొచ్చు, కాకపోతే ఫిల్మ్ కడిగే మందు (డెవలపర్) 20 డిగ్రీల దగ్గరుండాలి, మన కుళాయి నీళ్లు ఎప్పుడూ అంతకంటే వేడే. ఐసు మందులో వేయకు, చుట్టూ బేసిన్‌లో వెయ్యి.