చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్: చప్పట్లు తీసుకున్న నాయకులు కమిషన్ నివేదికకు జవాబు చెప్పాలా, అక్కర్లేదా?

షాద్‌నగర్ శీను:
నిన్న టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది, తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున మా చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు (శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య) నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సీన్ రీకన్‌స్ట్రక్షన్‌కు, అంటే నేరం ఎలా జరిగిందో అక్కడే చూపించమని తీసుకొస్తే తుపాకులు లాక్కుని కాల్చారని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ మాట నమ్మలేదు. చంపాలనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడవాలని రాసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. "పేల్చినోడిది తప్పు, మంత్రికేం సంబంధం?" అంటాడు మా బావ. నాకు మాత్రం ఉందనిపిస్తుంది. మీరేమంటారు?

పాత ఖాకీ:
హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ని. మీ బావ చెప్పిందే కరెక్టు. ఏ కేసులో ఎవరిని ఎక్కడికి తీసుకెళ్లాలో దర్యాప్తు అధికారి చూసుకుంటాడు. ఆ ఫైలు మంత్రి కంట కూడా పడదు. ప్రతి తప్పుకూ మంత్రిని లాగితే రేపు ప్రతి కేసులోనూ మంత్రి ఫోన్ చేస్తాడు. అది కావాలా మీకు?

నల్లకోటు:
బాబాయ్ గారూ, దర్యాప్తులో మంత్రి వేలు పెట్టకూడదన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. మరి వేలు పెట్టనివాళ్లు మెప్పుకు ముందుకు రావడమేమిటి? ఆ వారం అప్పటి మంత్రి తలసాని శ్రీనివాస్ యాదవ్ మాటలు గుర్తు చేసుకోండి. ఇలాంటి నేరం చేస్తే కోర్టులూ బెయిళ్లూ ఉండవు, ఎన్‌కౌంటరే అన్న సందేశం పంపామని చెప్పారు. "పంపారు" అనలేదు, "పంపాం" అన్నారు. అటు ఏపీ అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు కేసీఆర్‌కూ తెలంగాణ పోలీసులకూ హ్యాట్సాఫ్ అన్నారు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. కేసీఆర్ డిసెంబర్ 1న ఫాస్ట్ ట్రాక్ కోర్టు ప్రకటించారు. 4న మహబూబ్‌నగర్‌లో దానికి ఆదేశాలొచ్చాయి. 6న నిందితులే లేరు. రెండు రోజులు! ఆ కోర్టులో ఒక్క వాయిదా కూడా పడలేదు.

కృష్ణా తీరం:
మేడమ్, కోర్టుకెళ్తే పదేళ్లు పట్టేదని కాదా జనం కోపం? మీరు వాయిదాల లెక్క చెబితే ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒళ్లు మండుతుంది. నాకూ ఇద్దరు కూతుళ్లు. ఆ రోజు స్వీట్లు పంచినవాళ్లలో నేనూ ఉన్నా, దాచుకోను.

నల్లకోటు:
కోపం తప్పని నేననను అన్నా. కానీ పదేళ్లు పట్టాలని రాసిపెట్టి లేదు. దిశ ఘటనకు మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో సమత మీద అలాంటి ఘోరమే జరిగింది. ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే పేద మహిళ. ఆదిలాబాద్ ఫాస్ట్ ట్రాక్ కోర్టు 2020 జనవరి 30కే ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. రెండు నెలల చిల్లర. అదే రాష్ట్రం, అవే చట్టాలు, అదే పోలీసు శాఖ. సమత కోసం ఎవరూ పూలు చల్లలేదు, తుపాకీ కూడా పేలలేదు. కేసు మాత్రం తీర్పు దాకా వెళ్లింది.

పాలమూరు పిల్లోడు:
పూల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆ పొద్దున నేను బైక్ ఆపి హైవే వంతెన మీద నిలబడ్డా. కింద పొలంలో పోలీసులు, పైన మేం. ఎవరో కవర్ నిండా పూల రేకులు తెచ్చారు, నా చేతిలోనూ గుప్పెడు పోశారు. చల్లాను. అప్పుడు ఆలోచన లేదు, ఒకటే అరుపులు. కింద ఏం జరిగిందో మాలో ఒక్కరికీ తెలియదు, జరిగిందని చెప్పినదానికే చల్లాం.

షాద్‌నగర్ శీను:
మరి అసలు తప్పు ముందు రాత్రులది కదా? నవంబర్ 27 రాత్రి దిశ కుటుంబం స్టేషన్‌కు పోతే ఇది మా పరిధి కాదంటూ తిప్పారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ ఏమన్నారు? చెల్లికి బదులు 100కు ఫోన్ చేసుంటే బతికేదని. నాకు బాగా మండిన మాట అది. ఐదేళ్ల కింద మా తమ్ముడు కనపడకుండా పోతే నేనూ రెండు స్టేషన్ల మధ్య తిరిగా. మొదటిచోట ఫిర్యాదులు రాసుకునే రైటర్ పెన్ను మూత కూడా తీయలేదు, "రోడ్డుకు అవతల అయితే మా లిమిట్స్ కాదు" అన్నాడు. పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకోవాలనే జీరో ఎఫ్‌ఐఆర్ మాట నాకు ఆ రోజు తెలియదు. ఆయనకు తెలుసు.

పాత ఖాకీ:
మీ తమ్ముడి విషయంలో వాడు చేసింది తప్పే. రైటర్ మూత తీయడు, ఎందుకంటే తీస్తే స్టేషన్‌లో క్రైమ్ నంబర్ పెరుగుతుంది, నెలాఖరు మీటింగ్‌లో సీఐ తిట్లు తింటాడు. నేరాలు తగ్గాయని చెప్పుకోవాలని పైనుంచి వచ్చే ఒత్తిడి అది. పై అంటే ఎంత పైనో మీరే చూసుకోండి. ఈ ఒక్క విషయంలో మీవైపు వస్తా.

నల్లకోటు:
బాబాయ్ గారూ, సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది అదే. దర్యాప్తు విభాగాన్ని శాంతిభద్రతల పని నుంచి విడదీయమంది, పోలీసుల మీద రాజకీయ ఒత్తిడి పడకుండా రాష్ట్ర భద్రతా కమిషన్ పెట్టమంది. ఏ పార్టీ సర్కారూ మనసుపెట్టి చేయలేదు. అధికారులను బదిలీ చేసే మీట వదులుకోవాలి మరి!

కృష్ణా తీరం:
మా ఏపీలో దిశ బిల్లు చేశారు కదా, వారంలో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అని. 2019 డిసెంబర్ 13న అసెంబ్లీలో పాసయింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. పోస్టర్లు మాత్రం బస్టాండ్ల నిండా చూశాం. ఈ విషయంలో నాకూ కాస్త సిగ్గేసింది.

పాలమూరు పిల్లోడు:
1956లో మా మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ వద్దన్నారు. అదే ఏడాది అరియలూరు ప్రమాదం తర్వాత ఇస్తే ఒప్పుకున్నారు. ఆయన రైలు నడపలేదు కదా?

పాత ఖాకీ:
శాస్త్రిగారితో పోలిస్తే ఎవరు నిలబడతారయ్యా. సరే, ఒకటి అడుగుతా మేడమ్. ఆ పది మందిలో ఎక్కువమంది చిన్న ర్యాంకు వాళ్లు. వాళ్లను బోనెక్కించి, పంపామన్న పెద్దలు టీవీలో కూర్చుంటే అది న్యాయమా?

నల్లకోటు:
కాదు. అందుకే ఇంతసేపూ వాదించా. కమిషన్ నివేదిక తీర్పు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ పోలీసులు తప్పు చేశారో లేదో కోర్టే తేల్చాలి. 2024 మేలో హైకోర్టు ఆ నివేదిక మీద చర్యలకు స్టే ఇచ్చింది. రేపు కేసు నడవాల్సి వస్తే డ్యూటీ పేరుతో చేసిన పనికి ప్రభుత్వ అనుమతి కావాలని డిఫెన్స్ లాయర్ మొదటి రోజే అడుగుతాడు.

షాద్‌నగర్ శీను:
అంటే ఆ ఫైలు ఎవరి బల్ల మీదికి వస్తుంది?

నల్లకోటు:
హోం శాఖకు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారినప్పుడు ఆ శాఖను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తన దగ్గరే పెట్టుకున్నారు.

షాద్‌నగర్ శీను:
మా బావకు స్క్రీన్‌షాట్ పంపిస్తున్నా.