నాటుకోడి, నాటి కోళి, మధ్యలో ఒక పాట

సభ్యులకు నమస్కారం. మొన్న ఆదివారం బెంగళూరు కనకపుర రోడ్డు పక్కన ఒక భోజనశాల ముందు ‘నాటి కోళి సారు’ (సారు అంటే పులుసు) అని కన్నడంలో బోర్డు కనిపించింది. కన్నడ లిపి మనకు దగ్గరి చుట్టమే కాబట్టి కూడబలుక్కుని చదివి, “ఏనాటి కోడో!” అన్నాను. తెలుగువాడికి ‘నాటి’ అంటే ఎప్పటిదో, నిల్వ సరుకు. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి నవ్వి, “మన నాటుకోడే నాన్నా! ‘నాటు నాటు’ పాటలో నాటు” అంది.

ఆ పాట 2021 నవంబరులో వచ్చింది, 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చుకుంది. చంద్రబోస్ వాడిన ఆ మాటకు అర్థం అడిగితే ‘మోటు’ అని తేల్చేసేవారే ఎక్కువ. నాకు అది చాలదనిపిస్తుంది.

‘నాడు’ అంటే ప్రాంతం, దేశం. గూడు ‘గూటి’ అయినట్టే నాడు ‘నాటి’ అవుతుంది. పల్నాడు, పల్నాటి. విభక్తి చేరేటప్పుడు మాట చివర వచ్చే మార్పు, వ్యాకరణంలో చదువుకున్న ఔపవిభక్తికమే. తమిళులకు అదే ‘నాట్టు’, వాళ్ళది నాట్టుక్కోళి. కన్నడిగులు నాటి కోళి, నాటి వైద్య అంటారు. మరి ‘నాటి’ని చేతిలో పెట్టుకుని మనం నాటుకోడి, నాటువైద్యం అని ఉకారం ఎందుకు పట్టుకున్నాం? తమిళం వైపు నుంచి వచ్చిందని నా అనుమానం. పెద్దలు చెప్పాలి.

ఒక సభ్యురాలు: నాట్లు వేయడంలోని ‘నాటు’ కాదా అండీ? పాటలో పొలం గట్టు కూడా ఉంది కదా.

మరొకరు: కాదమ్మా. నారు నాటడం, బాణం నాటడం క్రియలు. ఇది కోడికీ మందుకూ ముందు నిలిచే విశేషణం. కొందరు నాట్యంతో ముడిపెడతారు, అదీ కుదరదు, అది సంస్కృతం.

వారే: ఉకారం సంగతి అలా ఉంచి, ఈ మాటకు ఎదురుగా నిలిచే మాట చూడండి. సీమ! సీమపంది, సీమచింత, సీమసరుకు. ఇక్కడి రైతులు కూడా ‘నాటి హసు’ (నాటు ఆవు) వేరు, ‘సీమె హసు’ (సీమ ఆవు) వేరు అంటారు. కిరోసిన్ వాళ్ళకు ‘సీమె ఎణ్ణె’. విచిత్రం ఏమిటంటే సీమ అన్నా ప్రాంతమే. రాయలసీమ, కోనసీమ ఎవరివి? రెండూ నేల పేర్లే అయినా ఒకటి పెరట్లో ఉండిపోయింది, రెండోది ఓడ దిగి వచ్చిన వస్తువుకు అతుక్కుంది.

నేను: ఇప్పుడు పాట సందర్భం గుర్తు చేసుకోండి. విందులో ఒక దొర, మీకేం తెలుసు డాన్సు అని మనవాణ్ణి ఎగతాళి చేస్తాడు. టాంగో, ఫ్లమెంకో అని సీమసరుకు పేర్లు వల్లిస్తాడు. దానికి జవాబు ‘నాటు’. మోటుదని కాదు, మా నేలదని. హిందీలో ‘నాచో నాచో’ చేశారు, ఆడమనడం మిగిలింది, నేల జారిపోయింది. తమిళంలో ‘నాట్టు కూత్తు’ అన్నారు, వాళ్ళకు ఇబ్బందే లేదు. కన్నడంలో ‘హళ్ళి నాటు’ అన్నారు. తమ ‘నాటి’ని పక్కన పెట్టి మన ‘నాటు’నే ఉంచి, ముందు పల్లెను చేర్చారు. నాకు నచ్చింది.

ఆ సభ్యురాలే: అయితే నాటుసారా, నాటుబాంబు, నాటు తుపాకీ మాటేమిటి? వాటిలో నేల మీద గర్వం ఏమీ కనబడదే!

నేను: నిజమే అండీ, అక్కడ చేతికొచ్చినట్టు చేసినదనే అర్థం. కోడికి తగిలిస్తే ధర పెరుగుతుంది, మనిషికి తగిలిస్తే పరువు తగ్గుతుంది. ‘వాడు ఒట్టి నాటు’ అన్న ఇంట్లోనే పండుగకు నాటుకోడి కావాలంటారు. మోటు అనే అర్థం అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. కానీ అది తర్వాత పట్టణం వాళ్ళు అంటించినది అంటాను. సీమ సంగతి మాత్రం నాకు తట్టలేదు, చెప్పినందుకు కృతజ్ఞతలు.

మరొకరు: అది సరే, ఇంతకీ ఆ సారు ఎలా ఉంది?

నేను: అరగంట నమిలాను. నాటుదే.