ఉప్పుగాలికి, తుపానుకు తట్టుకునే సౌర పలకల బిగింపు ఎలా?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా, పెదవాల్తేరులో మాకు రెండంతస్తుల సొంత ఇల్లు ఉంది. పాత ఫ్యాన్లు తీసేసి సుమారు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించాము, ఏసీని 26 డిగ్రీల దగ్గరే ఉంచుతున్నాము; ఇక్కడి ఉక్కపోతలో అంతకు మించి పొదుపంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అందుకే పీఎం సూర్యఘర్ పథకం కింద, 78,000 రూపాయల రాయితీతో, మేడ మీద 3 కిలోవాట్ల సౌర పలకలు పెట్టించాలనుకుంటున్నాము.

నా సందేహమంతా వాటి చట్రం గురించే. మా కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేసినా పొక్కులు లేచి, గోరు తగిలితే చాలు తుప్పు పెచ్చులుగా రాలుతుంది. ఇలాంటి చోట జింకు పూత వేసిన ఇనుప చట్రం ఎన్నేళ్లు నిలుస్తుంది? అల్యూమినియం చట్రానికి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేస్తే, ఆ రెండు లోహాలు కలిసే చోట తుప్పు తినేయకుండా మధ్యలో ఏం పెట్టించాలి?

శ్లాబుకు రంధ్రాలు వేస్తే వానకు కారుతుందని మేస్త్రీ, వేయకుండా కాంక్రీటు దిమ్మెల బరువు మీదే నిలబెడితే తుపానుకు లేచిపోతాయని బిగించేవారు అంటున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ గాలిని చూసినవాళ్లం కనుక రెండో మాటే నాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. బీచ్ రోడ్డు, భీమిలి వైపు కొన్నేళ్లుగా పలకలు వాడుతున్నవారు ఏ పద్ధతిలో బిగించుకున్నారో, పలకల మీద పేరుకునే ఉప్పును ఎన్నాళ్లకొకసారి కడుగుతున్నారో దయచేసి తెలియజేయగలరు.