సైన్స్, లెక్కల క్లాసులో నెట్: మీ బడిలో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు?

ఆత్మకూరు కొత్త టీచర్:
సార్లకీ మేడాలకీ నమస్కారం. ఆత్మకూరు వైపు ఒక హైస్కూలుకి ఈ ఏడాదే లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా వచ్చాను. ఫిజికల్ సైన్స్ మేడం లాంగ్ లీవులో ఉన్నారు కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతులకి అది కూడా నేనే చూస్తున్నాను. గోడకి పెద్ద ప్యానెల్ (టీవీలాంటి తెర) ఉంది. నెట్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. వీడియో పెడితే పిల్లకాయలు బుద్ధిగా చూస్తారు. ఆపి ఒక ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు మెదపరు. యాప్‌ల లిస్టు మాత్రం పెట్టకండి, వాటితో ఫోన్ ఇప్పటికే నిండిపోయింది. ఏ పాఠానికి ఏం వాడారో, క్లాసులో ఎలా నడిపారో చెప్పండి చాలు.

కావలి లెక్కలు:
వీడియో చూసేటప్పుడు వాళ్లకి చేయడానికి పనేముంది మేడం? అందుకే నోరు మెదపరు. నేను వాడేది జియోజెబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఉచితం, ఒకసారి వేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. పదో తరగతి బహుపదుల్లో వర్గ బహుపదికి (ax² + bx + c) గ్రాఫ్ పెట్టి ఎ, బి, సి లకు, జరిపితే విలువ మారే మూడు స్లైడర్లు ఇస్తాను. సి పెంచితే గ్రాఫ్ పైకి పోతుందా, పక్కకి పోతుందా? ఎవరి జవాబు వాళ్లు నోట్సులో రాయాలి. రాసేదాకా స్లైడర్ ముట్టుకోను. ఆ తర్వాత జరిపితే క్లాసు రెండు పార్టీలవుతుంది. ఎ సున్నా అయినప్పుడు వంపు మాయమై తిన్నటి గీత మిగులుతుంది కదా, అక్కడ వెనక బెంచీ వాళ్లు కూడా లేచి చూస్తారు.

ఒక సంగతి చెప్పాలి. త్రిభుజం శీర్షాన్ని ఎటు లాగినా మూడు కోణాల మొత్తం 180 అని చూపిస్తున్నాను. ప్యానెల్ మీద 52.33, 58.33, 69.33 అని ఉన్నాయి. ఒక పిల్ల చకచకా కూడి "సార్, 179.99 వచ్చింది" అంది. సిద్ధాంతం తప్పా, కంప్యూటర్ తప్పా అని గొడవ మొదలైంది. సెట్టింగ్స్‌లో దశాంశ స్థానాలు రెండు నుంచి ఐదుకి మార్చాను. ఈసారి కూడితే 179.99999. "ఇంకా తక్కువే ఉంది సార్" అంది ఆ పిల్ల, ఒప్పుకోలేదు. సరే పదండి అని బోర్డు మీద భుజానికి సమాంతర రేఖ గీసి నిరూపణ చేశాం. కొలవడం వేరు, నిరూపించడం వేరు అని ఊరికే చెబితే ఎవరికీ ఎక్కదు. ఆ రోజు అందరికీ ఎక్కింది.

సింగరాయకొండ ఫిజిక్స్:
కావలి సార్ చెప్పిన "ముందు రాయి, తర్వాత చూడు" పద్ధతే నాదీ. నేను ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసే ప్రయోగాలు వాడతాను. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లవి. ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంది.

విద్యుత్తు పాఠానికి డీసీ సర్క్యూట్ కిట్ తెరవండి. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓముల బల్బు, ఒక అమ్మీటర్. రీడింగ్ 0.90 ఆంపియర్లు. ఇప్పుడు ఆపి, అమ్మీటర్‌ని బల్బుకి అవతలి వైపు పెడితే ఎంత చూపిస్తుందని అడగండి. సగం మందికి పైగా "తగ్గుతుంది మేడం" అంటారు. బల్బు కొంత కరెంటు తినేస్తుందని వాళ్ల లెక్క. అటు పెట్టినా 0.90 వచ్చేసరికి ముఖాలు చూడాలి! తర్వాత అలాంటిదే ఇంకో బల్బు శ్రేణిలో కలిపితే 0.45, దాన్నే సమాంతరంగా పెడితే మొత్తం 1.80. ప్రతిసారీ ముందు అంచనా, తర్వాతే స్విచ్. పీరియడ్‌లో మూడు నాలుగు ప్రశ్నలకంటే ఎక్కువ పెట్టుకోకండి, టైం చాలదు.

దర్శి రిటైర్డ్ హెచ్‌ఎం:
అంతా బాగుంది గానీ, ఒక టార్చి సెల్లు, బల్బు, రెండు వైరు ముక్కలకి ఎంతవుతుందమ్మా? చేతికి అసలు వస్తువు ఇవ్వకుండా తెర మీద బల్బు వెలిగించి చూపిస్తే అది బొమ్మే అవుతుంది. మా రోజుల్లో ల్యాబ్ బీరువా తాళం హెచ్‌ఎం దగ్గరే ఉండేది, ఆ బాధ నాకూ తెలుసు. ఇప్పుడు బీరువా తెరిచే ఉన్నా తెరకే అతుక్కుపోతున్నారు.

సింగరాయకొండ ఫిజిక్స్:
సార్, మీ మాట కాదనను. మా దగ్గర సెల్లు, బల్బు ముందు, తెర తర్వాత. కానీ అసలు వైరులో లోపల ఏం కదులుతుందో కనపడదు కదా. సెల్లు పాతబడితే రీడింగ్ లెక్కకి సరిపోదు, పిల్లలు సూత్రమే తప్పనుకుంటారు. సిమ్యులేషన్‌లో బ్యాటరీ అంతర్నిరోధం (సెల్లు లోపలే కరెంటుకి ఉండే అడ్డు) పెంచి చూపిస్తే, మన సెల్లు ఎందుకలా చేసిందో అర్థమవుతుంది. షార్ట్ సర్క్యూట్ మాత్రం తెర మీదే చేయిస్తాను. అక్కడ బ్యాటరీకి మంట అంటుకుంటుంది, పిల్లలు నవ్వుకుంటారు. అసలు సెల్లుతో చేస్తే ఎవరి వేలో కాలుతుంది.

దర్శి రిటైర్డ్ హెచ్‌ఎం:
ఆ వరస అయితే సరే.

ఉదయగిరి ఎస్‌జీటీ:
మాది కొండ పక్క ఊరు. సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు దగ్గరికి పోవాలి. క్లాసు టైంలో నెట్ మీద ఆశ పెట్టుకోవడం మానేశాను. ఫెట్ సిమ్యులేషన్లు ఒక్కొక్కటి చిన్న ఫైలుగా దిగుతాయి, బ్రౌజర్‌లో నెట్ లేకుండా తెరుచుకుంటాయి. శనివారం ఆత్మకూరు పోయినప్పుడు దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకొస్తాను. దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో పాఠాలు కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. కివిక్స్ అని ఇంకోటి ఉంది. తెలుగు వికీపీడియాని ఒక ఫైలుగా దించుకుంటే ల్యాప్‌టాప్‌లో ఆఫ్‌లైన్‌లో చదవొచ్చు. ఆరో తరగతి పిల్లకాయలకి "వెతికి చూడు" అనే అలవాటు దానితోనే చేయించాను. పనికిమాలిన యాడ్‌లు రావు, అది పెద్ద లాభం.

ఇంకో మాట. దించింది ముందు రోజు సాయంత్రమే ప్యానెల్ మీద ఒకసారి తెరిచి చూసుకోండి. ఫోన్‌లో బ్రహ్మాండంగా నడిచింది ప్యానెల్‌లో మొండికేస్తుంది.

విడవలూరు బయాలజీ:
నాకు వీడియోల మీద ఒక ఫిర్యాదుంది. కణం యానిమేషన్ చూపిస్తే కేంద్రకం ఊదా రంగులో, మైటోకాండ్రియా నారింజ రంగులో ఉంటాయని రాసేస్తున్నారు. ఉల్లిపొర తీసి మైక్రోస్కోపులో చూపించాకే యానిమేషన్ జోలికి పోతున్నాను.

మా ఊళ్లో నెట్ అసలు పనికొచ్చింది ఇంకో చోట. మా పిల్లల్లో చాలామంది ఇళ్లకి రొయ్యల గుంటలున్నాయి. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ పాఠం చెబుతూ "రాత్రిపూట మొక్క ఏం చేస్తుంది?" అంటే పుస్తకంలో వాక్యం అప్పజెప్పారు. అదే "తెల్లారుజామున మీ నాయన ఏరియేటర్లు ఎందుకు తిప్పుతాడు?" అంటే చేతులు లేచాయి. నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలవి. డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. "డీఓ పడిపోతుంది మేడం, రొయ్య పైకి తేలుతుంది." ఎందుకు పడిపోతుంది? అక్కడ అందరూ ఆగిపోయారు.

గుంటల దగ్గర రాసే నోట్ బుక్కులుంటాయి కదా, ఉదయం ఇంత, సాయంత్రం ఇంత అని డీఓ, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) రాస్తారు. వాటిలోంచి ఒక వారం అంకెలు కాపీ చేసుకు రమ్మన్నాను. ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి గ్రాఫ్ గీయించాను. పగలు పైకి, రాత్రికి కిందికి, మళ్లీ పైకి, రంపం పళ్లలాగా వచ్చింది. పగలు నీళ్లలోని పచ్చనాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక తయారీ ఆగిపోతుంది. నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత, అన్నీ రాత్రంతా వాడుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యుడు రాకముందు డీఓ అన్నిటికంటే తక్కువ. పీహెచ్ కూడా మధ్యాహ్నానికి పెరుగుతోందని ఒకబ్బాయే కనిపెట్టాడు. నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకోవడం వల్లేనని ఇద్దరు నెట్‌లో వెతికి పట్టుకొచ్చారు. ఏం వెతకాలో తెలిశాక వెతికారు కాబట్టి దొరికింది. "కిరణజన్య సంయోగక్రియ గురించి వెతకండి" అని పంపిస్తే మొదటి పేరాగ్రాఫ్ కాపీ కొట్టుకొస్తారు, అంతే.

ఆత్మకూరు కొత్త టీచర్:
మేడం, ఇది చాలా బాగుంది. మా వైపు గుంటలు లేవు, సోమశిల డ్యాం నీటిమట్టం అంకెలతో ఇలాంటిదే చేయించొచ్చేమో. రోజూ పేపర్లో వస్తుంది.

చీమకుర్తి అమ్మ:
నేను టీచర్ని కాదు, మా పాప తొమ్మిది చదువుతోంది. ఒక్క విషయం రాయాలనిపించింది. మా ఇంట్లో మంచి ఫోన్ ఒకటే. మా ఆయన క్వారీకి తీసుకెళ్తారు, తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది. వాట్సాప్ గ్రూపులో సైన్స్ లింకులు వచ్చి "చూసి రేపు రాసుకు రండి" అంటే పాపకి ఒకటే టెన్షన్. చూడని పిల్లలు లేచి నిలబడాలట. దయచేసి అలా చేయకండి.

సింగరాయకొండ ఫిజిక్స్:
అమ్మా, మీరు రాయడం మంచిదైంది. లింకుని హోంవర్క్‌గా ఇవ్వకూడదనే నా అభిప్రాయం. తెర పని బడిలోనే, ఇంటికి కాగితం పనే.

కోవూరు లెక్కలు:
ఫోటో తీస్తే లెక్క చేసిపెట్టే యాప్‌లు, ఏఐ చాట్‌లు వచ్చాక హోంవర్క్ అంతా ముత్యాల్లాంటి జవాబులే. ఆపలేం. నేనేం చేస్తున్నానంటే, యాప్ ఇచ్చిన జవాబునే బోర్డు మీద పెట్టి తప్పు పట్టమంటాను. మొన్న ఒక లెక్క: దీర్ఘచతురస్రపు మడి వైశాల్యం 40 చదరపు మీటర్లు, పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ, వెడల్పు ఎంత? యాప్ 5, మైనస్ 8 అని రెండు విలువలూ ఇచ్చింది. పిల్లకాయలు రెండూ రాసుకొచ్చారు. మైనస్ 8 మీటర్ల మడి ఎవరిదబ్బా, వరి నాటొచ్చా అంటే అప్పుడు కొట్టేశారు. సమీకరణానికి రెండూ జవాబులే, మడికి మాత్రం ఒకటే. ఈ ముక్క యాప్‌ని అడిగి రాబట్టొచ్చు, కానీ అడగాలని తెలియాలి కదా.

నెల్లూరు టౌన్ లెక్కలు:
త్రికోణమితి అనువర్తనాలకి మనకున్న సౌకర్యం ఇంకెవరికీ లేదు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే డాబా ఎక్కి చూస్తాం. 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ డాబాలు మనవే కదా! మ్యాప్‌లో తిన్నగా కొలిస్తే నెల్లూరు నుంచి సుమారు 83 కిలోమీటర్లు. కోణమానినికి దారం, చిన్న రాయి కట్టి పిల్లల చేత ఊర్ధ్వకోణం కొలిపిస్తాను. 16 డిగ్రీలు వచ్చిందనుకోండి, టాన్ విలువ 0.287, దాన్ని 83తో గుణిస్తే ఎత్తు దాదాపు 24 కిలోమీటర్లు. ఇస్రో లైవ్‌లో వచ్చే ఎత్తు గ్రాఫ్‌తో పోల్చుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. రాకెట్ సముద్రం వైపు దూరమవుతూ పోతుంది కాబట్టి 83 అనే అంకె మొదట్లోనే నమ్మదగ్గది. రెండోది, యూట్యూబ్ లైవ్ వెనకబడి వస్తుంది. ఫోన్‌లో అప్పుడే లేస్తుంటే మాకు ఆకాశంలో అప్పటికే నిప్పు గీత కనపడింది. "లైవ్ అంటే లైవ్ కాదా సార్?" అని అడిగారు. దాని మీదే ఒక పీరియడ్ పోయింది, పోనీలెండి.

ఒంగోలు ఫిజిక్స్:
నెల్లూరు సార్, మీతో ఒక పని ఉంది. నెల్లూరు 14.44 డిగ్రీల అక్షాంశం, ఒంగోలు 15.5. రేఖాంశం రెండిటికీ 80 దగ్గరే. అంటే మిట్టమధ్యాహ్నం రెండు ఊళ్లలోనూ దాదాపు ఒకేసారి. ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ నీడతో భూమి చుట్టుకొలత కట్టాడని పుస్తకంలో చెబుతాం కదా, మన రెండు బడులూ కలిసి చేద్దామా? నీడ లేని రోజు (మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉండే రోజు) మీకు ఆగస్టు 14 ప్రాంతంలో, మాకు 10 ప్రాంతంలో వస్తుంది గానీ అప్పుడు మబ్బులు, పైగా జెండా పండగ ప్రాక్టీసులు. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఇంకోసారి వస్తుంది, అప్పటికి బడులుండవు. డిసెంబర్ 21 నయం.

నెల్లూరు టౌన్ లెక్కలు:
తప్పకుండా మేడం. ఇప్పుడే లెక్కేశాను. మీటరు కర్ర పెడితే ఆ రోజు మాకు నీడ 77.8 సెంటీమీటర్లు, మీకు 80.8 రావాలి. తేడా మూడు సెంటీమీటర్లే! కోణంలో 1.06 డిగ్రీలు. మ్యాప్ మీద ఉత్తర దక్షిణంగా 118 కిలోమీటర్లు. 118ని 360తో గుణించి 1.06తో భాగిస్తే 40 వేల చిల్లర, సరిగ్గా సరిపోతుంది. కానీ నీడ అంచు మసగ్గా ఉంటుంది. ఒకవైపు అర సెంటీమీటరు పొరబడినా జవాబు ఆరేడు వేల కిలోమీటర్లు అటూ ఇటూ పోతుంది. హైవే దూరం కూడా వేయకూడదు, అది వంకర్లు పోతుంది.

ఒంగోలు ఫిజిక్స్:
అందుకే ఒక్క కర్ర కాకుండా ఆరేడు గ్రూపులు కొలిచి సగటు తీయిస్తాను. కర్ర నిటారుగా ఉందో లేదో మేస్త్రి వాడే తూకం గుండుతో చూడాలి. రికార్డులో, ఆ రోజు మిట్టమధ్యాహ్నమయ్యే 12:08కి అటూ ఇటూ, 11:50 నుంచి 12:25 దాకా ఐదేసి నిమిషాలకి ఒక గుర్తు. అన్నిటికంటే పొట్టి నీడే మన లెక్క. నెట్ పని ఇక్కడ రెండే: మ్యాప్‌లో దూరం కొలవడం, వీడియో కాల్‌లో ఇటు పిల్లలు అటు పిల్లలకి అంకెలు చెప్పడం. సొంత అంకెలు ముందు కాగితం మీద రాసి ఫోటో పెట్టాకే కాల్ మొదలుపెడదాం, లేకపోతే ఒకరిది చూసి ఒకరు సరిచేసుకుంటారు.

ఆత్మకూరు కొత్త టీచర్:
మేమూ చేరొచ్చా? మాది నెల్లూరుకి పడమర, అక్షాంశం పెద్దగా మారదు.

నెల్లూరు టౌన్ లెక్కలు:
చేరండి మేడం. అక్షాంశం కొంచెమే మారుతుంది కాబట్టి మీ నీడ మా నీడకంటే అర సెంటీమీటరు దాకా ఎక్కువ రావాలి, మా కొలత సరైందో కాదో తేలుతుంది. మీ మధ్యాహ్నం మాకంటే ఒకటి రెండు నిమిషాలు ఆలస్యం, అంతే. కర్ర మాత్రం సరిగ్గా మీటరుకి కోయించండి. వీలు కాకపోతే ఎంత ఉందో రాయండి, మిగతాది పిల్లకాయలే నిష్పత్తి కట్టుకుంటారు.