ఇజ్రాయేలుకు సంఘీభావ సభ: జెండాలు, గీతాల క్రమం తెలిసినవారు చెప్పగలరా?

గుంటూరు జిల్లాలోని మా బెనె ఎఫ్రాయిం (తెలుగు యూదుల) కుటుంబాలం ఇజ్రాయేలుకు సంఘీభావంగా ఆరుబయట సభ పెట్టుకుంటున్నాం. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా షబ్బాత్, అంటే మా విశ్రాంతి దినం. మైకు, ఫొటోలు కుదరవు కాబట్టి ఆదివారం సాయంత్రం అనుకున్నాం. సభకూ మైకుకూ స్టేషన్లో దరఖాస్తు ఇస్తున్నాం, రాత్రి 10 లోపే ముగిస్తాం.

చిక్కంతా జెండాల దగ్గరే. మన జెండా కొలత 3:2, ఇజ్రాయేలుది 11:8. రెండూ ఒకే సైజులో ఉండాలి కదా. ఎత్తు 2 అడుగులు పెడితే మనది 3 అడుగుల పొడవు, వాళ్లది 2 అడుగుల 9 అంగుళాలు వస్తుంది. ఎత్తు కలిస్తే చాలా, పొడవూ కలపాలా? ఇంకోటి, ఫ్లెక్సీ షాపుల్లో ఇజ్రాయేలు జెండా మీది దావీదు నక్షత్రాన్ని నిండుగా నీలంతో నింపేస్తుంటారు. అది ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు త్రిభుజాల గీతలు మాత్రమే, లోపల తెలుపు కనబడాలి. అందుకే గుడ్డమీద కుట్టించడమే మేలనిపిస్తోంది. ఈ పని తెలిసిన టైలర్లు తెనాలి, గుంటూరుల్లో ఎవరైనా ఉన్నారా?

కార్యక్రమంలో ముందు 121వ కీర్తన హీబ్రూలోనూ తెలుగులోనూ, తర్వాత చనిపోయినవారి కోసం కద్దీష్ ప్రార్థన. దానికి మిన్యాన్, అంటే పదిమంది పెద్దలు ఉండాలి. జనం పలచబడకముందే పెట్టాలని మొదట్లోకి తెచ్చాం. చివర ఇజ్రాయేలు జాతీయగీతం హతిక్వా, మన జనగణమన. ఈ రెండింట్లో ఏది ముందు పాడాలి?

హతిక్వాను తెలుగు లిపిలో తప్పుల్లేకుండా రాసుకున్నవారు ఉంటే దయచేసి పంపండి. చూపు ఆనని పెద్దవాళ్లకు పెద్ద అక్షరాల్లో కాగితాలు తీయించాలి.