అప్‌డేట్: చెకింగ్ ఖాతాపై ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము ఆగింది

అమెరికాలోని నా చెకింగ్ ఖాతాలో (రోజువారీ లావాదేవీలకు వాడే బ్యాంకు ఖాతా) నిల్వ చాలనప్పుడు చిన్న కార్డు కొనుగోలుకు కూడా 35 డాలర్ల ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము పడుతోందని, దాన్ని తప్పించే మార్గమేమిటని లోగడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందుగా, ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్ట్ సమ్మతిని (నిల్వ చాలకపోయినా బ్యాంకు చెల్లించి, అందుకు రుసుము తీసుకోవచ్చన్న ఒప్పుకోలును) బ్యాంకుకు ఫోన్ చేసి రద్దు చేయించాను. 2010 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం, ఖాతాదారు ముందుగా ఒప్పుకోనిదే ఏటీఎం విత్‌డ్రాలపైనా, ఒక్కసారి చేసే డెబిట్ కార్డు కొనుగోళ్లపైనా బ్యాంకు ఈ రుసుము వసూలు చేయకూడదు. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇప్పుడు డబ్బు చాలకపోతే కార్డు పనిచేయదు, అంతే.

అయితే చెక్కులకు, నెలనెలా వాటంతటవే ఖాతా నుంచి వెళ్లే అద్దె, బీమా వంటి చెల్లింపులకు ఈ రక్షణ లేదు. కొత్తగా వచ్చిన మన విద్యార్థులు జాగ్రత్తపడవలసింది ఇక్కడేనని నా అభిప్రాయం. అందుకే, నిల్వ చాలనప్పుడు డబ్బు సేవింగ్స్ ఖాతా నుంచి బదిలీ అయ్యేలా దాన్ని చెకింగ్ ఖాతాకు జతచేయించి, నిల్వ 200 డాలర్లకు తగ్గగానే సందేశం వచ్చేలా పెట్టుకున్నాను. (అలాంటి బదిలీకి కూడా కొన్ని బ్యాంకులు రుసుము తీసుకుంటాయి, ముందే అడగండి.) గ్యాస్ స్టేషన్లలో అసలు బిల్లు కంటే ఎక్కువ మొత్తాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచవచ్చు కనుక, ఖాతాలో కనిపించే మొత్తాన్ని కాక, వాడుకోవడానికి అందుబాటులో ఉన్న నిల్వనే చూస్తున్నాను.

పాత రుసుముల్లో ఒకదాన్ని, అడిగిన మీదట, బ్యాంకు తిరిగి జమ చేసింది. మిగిలినవాటి గురించి రాతపూర్వకంగా కోరాను, జవాబు రావలసి ఉంది.