బిడ్డ బరువు ఎక్కువగా ఉందన్నారు: ఇంట్లో కాన్పుకు సిద్ధపడవచ్చా?

ప్రశ్న: ఉదయగిరి వైపు నుంచి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరికి అవతల ఉన్న ఒక పల్లె. ఇది నాకు రెండో కాన్పు. ఇప్పుడు 36 వారాలు నిండాయి. మొదటి పాప నెల్లూరులో మామూలు కాన్పులోనే 3.5 కిలోల బరువుతో పుట్టింది. కింద కోత పెట్టి కుట్లు వేశారు తప్ప అప్పట్లో వేరే ఇబ్బంది ఏమీ రాలేదు. పోయిన వారం తీసిన స్కానింగులో ఈ బిడ్డ బరువు 3.4 కిలోలు ఉన్నట్టు రాశారు. ఆ కాగితం చూసిన డాక్టరమ్మ, నెలలు నిండేసరికి బిడ్డ నాలుగు కిలోలు దాటవచ్చనీ, ఆపరేషనుకు సిద్ధపడి ఉండమనీ చెప్పి, నేను ఇంకేదో అడగబోయేలోగా తర్వాతి వారిని పిలిచారు.

అప్పటినుంచి ఇంట్లో ఇదే చర్చ. మా జేజి తన కాన్పులన్నీ ఇంట్లోనే జరిగాయనీ, ఆసుపత్రికి వెళ్లామంటే కోత తప్పదనీ అంటున్నారు. మా అత్తగారిదీ అదే మాట. పక్క ఊళ్లో ఉంటున్న రిటైరైన ఏఎన్ఎం ఒకావిడ, పిలిస్తే వచ్చి కాన్పు చేస్తానని మాట ఇచ్చారు. మా వారు కృష్ణపట్నం పోర్టులో పని చేస్తారు, వారానికొకసారి వస్తారు. ఆయన మాత్రం ఆసుపత్రికే వెళ్లాలంటున్నారు. మా తోడికోడలికి ఆపరేషను తర్వాత కుట్టు దగ్గర చీము పట్టి రెండు నెలలు మంచం దిగలేని పరిస్థితి వచ్చింది. నాకూ అలాగే అయితే చిన్న పాపను, పుట్టబోయే బిడ్డను, ఇంట్లోని గేదెలను ఎవరు చూస్తారన్నది నా భయం.

బీపీ మామూలుగానే ఉంది. రక్తం (హిమోగ్లోబిన్) 10.2 ఉంది. గ్లూకోజు నీళ్లు తాగించి చేసే షుగర్ పరీక్ష మూడో నెలలో చేశారు, బాగానే ఉందన్నారు, ఆ తర్వాత మళ్లీ చేయలేదు. మొదటిది మామూలు కాన్పే కాబట్టి, బిడ్డ కాస్త పెద్దదైనా ఇంట్లో కనడానికి వీలుంటుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రి స్టాఫ్ నర్సు

చెల్లెమ్మా, నేను చాలా ఏళ్లుగా లేబర్ రూములో పని చేస్తున్నాను. మీరు బరువు గురించి అడిగారు కాని, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది షుగర్ పరీక్ష మాట. మన దేశంలో పాటించే పద్ధతి ప్రకారం ఆ పరీక్ష మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకసారి చేయాలి. ఎందుకంటే గర్భంతో వచ్చే షుగర్ చాలామందిలో ఆరో నెల తర్వాతే బయటపడుతుంది. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు రక్తంలో చక్కెర 140 గాని అంతకు మించి గాని ఉంటే షుగర్ ఉన్నట్టే. పరగడుపున వెళ్లనక్కరలేదు. రేపే మీ పీహెచ్‌సీకి వెళ్లి చేయించుకోండి.

ఇక స్కానింగులో చెప్పే బరువు తూకం వేసి చెప్పేది కాదు. తల, పొట్ట, తొడ ఎముక కొలతలను బట్టి యంత్రం కట్టే అంచనా అది. అందులో అటూ ఇటూ 10 నుంచి 15 శాతం తేడా రావడం మామూలే. మీ 3.4 నిజానికి మూడు కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు, 3.9 కూడా కావచ్చు. కనుక ఆ అంకె ఒక్కటే చూసి ఆపరేషను ఖాయమని మీరు అనుకోనక్కరలేదు. నాలుగు కిలోలు దాటిన బిడ్డలు కూడా ఎక్కువమంది మామూలుగానే పుడతారు, మీకు ఒక కాన్పు అయి ఉండటం కూడా మంచి విషయమే.

అయితే అంతమాత్రాన ఇంట్లో కాన్పుకు నేను ఒప్పుకోలేను. పెద్ద బిడ్డతో మేము భయపడేది తల గురించి కాదు, భుజాల గురించి. తల బయటికి వచ్చాక, ముందు భుజం తల్లి జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక) వెనక చిక్కుకుపోవచ్చు. వచ్చిన తల తాబేలు తలలా మళ్లీ లోపలికి లాగినట్టయి, బుగ్గలు ఉబ్బి, ముఖం నీలం తిరుగుతుంది. దీనిని షోల్డర్ డిస్టోషియా అంటారు. ఆ క్షణం నుంచి మాకు ఉండేవి నిమిషాలే. ఐదు నిమిషాలు దాటుతున్న కొద్దీ బిడ్డ మెదడుకు ముప్పు పెరుగుతుంది. అప్పుడు ఇద్దరు చెరొక కాలు పట్టుకుని తల్లి తొడలను పొట్టకు ఆనేలా మడవాలి, మూడో మనిషి పొత్తికడుపు కింద, ఎముకకు సరిగ్గా పైన, భుజం జారేలా అరచేతితో ఒత్తాలి, నాలుగో మనిషి బిడ్డను అందుకోవాలి. అప్పటికీ రాకపోతే లోపలికి చెయ్యి పోనిచ్చి వెనక చేతిని బయటికి తీయాలి. ఇళ్లలో చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: కడుపు పైభాగాన ఎక్కి నొక్కుతారు, తల పట్టి లాగుతారు. దానితో భుజం ఇంకా గట్టిగా బిగుస్తుంది, మెడ దగ్గరి నరాలు తెగి బిడ్డ చెయ్యి పడిపోవచ్చు.

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోండి. ఇలా భుజాలు చిక్కుకునే బిడ్డల్లో దాదాపు సగం మంది నాలుగు కిలోల లోపు వారే. ఎవరికి వస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు కనుకే నలుగురు మనుషులు పక్కనే ఉండాలంటున్నాను. రిటైరైన ఏఎన్ఎం గారి అనుభవాన్ని తక్కువ చేయడం లేదు, కాని ఆవిడకు ఉన్నవి రెండు చేతులే.

బిడ్డ పుట్టిన తర్వాతి సంగతి కూడా ఉంది. బాగా సాగిన గర్భసంచి మాయ పడ్డాక వెంటనే గట్టిపడకపోతే రక్తం ధారగా పోతుంది. 10.2 రక్తం ఉన్నవారు ఆ నష్టాన్ని ఎక్కువసేపు తట్టుకోలేరు. దానిని ఆపడానికి మొదట ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షను చల్లగా ఉంచవలసిన మందు. ఉదయగిరి ఎండలో ఎవరి సంచిలోనో తిరిగిన ఇంజెక్షను పని చేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

జవాబు: కావలి నుంచి వెళ్లి ఇంగ్లండులో ఉంటున్న ఒక తల్లి

నా రెండో బాబు ఇక్కడ మా ఇంట్లోనే పుట్టాడు కాబట్టి నేనూ రెండు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ఇంటి కాన్పు అనగానే మూర్ఖత్వమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఇక్కడ 2011లో బర్త్‌ప్లేస్ అనే పెద్ద అధ్యయనం వెలువడింది. ముప్పు తక్కువగా ఉండి, ఇదివరకే ఒక కాన్పు అయిన స్త్రీలలో ఇంటికీ ఆసుపత్రికీ బిడ్డ క్షేమం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తొలిచూలు వారిలో మాత్రం ఇంట్లో కన్నప్పుడు బిడ్డకు ముప్పు ఎక్కువగా తేలింది. ఈ సంగతి చదివి కొందరు మన దగ్గర కూడా అలాగే చేయవచ్చని అంటున్నారు.

కాని ఆ ఫలితం వెనక ఉన్న ఏర్పాట్లను కూడా చూడాలి. నా కాన్పుకు ఇద్దరు మిడ్‌వైఫులు వచ్చారు. బిడ్డకు ఊపిరి అందించే సామాను, రక్తస్రావం ఆపే మందులు వెంట తెచ్చుకున్నారు, బిడ్డ గుండె చప్పుడును నిర్ణీత సమయాలకు వింటూ రాసుకున్నారు. ఆసుపత్రి మా ఇంటికి చాలా దగ్గర. అంత ఏర్పాటు ఉన్నా, ఆ అధ్యయనంలో ఇంట్లో కనాలనుకున్న తొలిచూలు వారిలో 45 శాతం మందిని, ముందు కాన్పు అయినవారిలో 12 శాతం మందిని ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. అంటే ఇంటి కాన్పు అనేది ఆసుపత్రితో ముడిపడి ఉన్నప్పుడే క్షేమంగా నడిచింది. పైగా అక్కడ లెక్కించింది ముప్పు తక్కువ ఉన్నవారిని. షుగర్ ఉన్నవారికి ఇక్కడ ఇంట్లో కనమని సలహా ఇవ్వరు. బిడ్డ పెద్దదని అనుమానం ఉంటే ముందు డాక్టరుతో కూర్చోబెట్టి విడిగా మాట్లాడిస్తారు. ఉదయగిరికి అవతలి పల్లెలో ఆ ఏర్పాటు లేనప్పుడు ఈ లెక్కలు మీకు వర్తించవని నా అభిప్రాయం.

జవాబు: కనిగిరి నుంచి ఒక మంత్రసాని కూతురు

మా అమ్మ మా చుట్టుపక్కల పల్లెలన్నింటికీ కాన్పులు చేసేది. పెద్దవాళ్ల మాటను కాదనమని నేను చెప్పను. అయితే మీ జేజిని ఎన్ని కాన్పులు ఇంట్లో అయ్యాయని కాక, ఎంతమంది పిల్లలు బతికి పెద్దయ్యారని అడగండి. మా వైపు పెద్ద ఆడవాళ్లు పోయిన పిల్లలను లెక్కలో చెప్పరు, అడిగితే మాత్రం ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటారు. మా అమ్మ కూడా చెయ్యి వేసి చూసి కడుపు బరువుగా ఉందనిపిస్తే, తన వల్ల కాదు, ఒంగోలుకు తీసుకుపొమ్మని మొహమాటం లేకుండా చెప్పేది. దానికి ఆమె చిన్నతనం పడలేదు.

జవాబు: ఆత్మకూరు నుంచి ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు

అమ్మా, వైద్యం సంగతి నర్సమ్మ గారు చెప్పారు. నేను దారి సంగతి చెబుతాను. ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు, మీ ఊరు దానికి ఇంకా అవతల. 108కు ఫోను చేస్తే బండి మీ దగ్గరికి రావడానికి పట్టే సమయం ఒకటి, అక్కడి నుంచి నెల్లూరు చేరడానికి పట్టే సమయం మరొకటి. భుజం చిక్కుకున్నాక ఫోను చేసే ఆలోచనే దండగ.

అందుకని నొప్పులు మొదలయ్యేదాకా ఆగవద్దు. నెల్లూరులో గాని, ఆత్మకూరులో గాని మీ బంధువులు ఉంటే 38వ వారం నుంచే వచ్చి అక్కడ ఉండండి. పోర్టు నుంచి మీ వారికీ రాకపోకలకు అనువుగా ఉంటుంది. చిన్న పాపను, గేదెలను అత్తగారికి అప్పగించే మాట ఇప్పుడే తేల్చుకోండి. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా బయలుదేరడానికి సగం కారణం పాలు పితికేవాళ్లు లేకపోవడమే. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, రక్తం, అవసరమైతే ఆపరేషను కూడా ఉచితం. తిరుగు ప్రయాణానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూసే ఏర్పాటు ఉంది కనుక, మీ ఆశా కార్యకర్తను అడిగి ఈసారి తప్పక వెళ్లండి.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు, రాత్రి పూట మత్తు డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా అని ముందే విచారించండి. భవనం పెద్దదైనంత మాత్రాన ఈ రెండూ ఉంటాయని అనుకోవద్దు.

ప్రశ్న వేసిన గృహిణి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నర్సమ్మ అక్క చెప్పినట్టు పరీక్ష చేయించుకున్నాను. రెండు గంటలకు 152 వచ్చింది. ఇది వినగానే మా అత్తగారు ఇంటి కాన్పు మాట మానేశారు. జేజి మాత్రం ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నారు. నెల్లూరులో మా పిన్నమ్మ ఇంట్లో ఉండటానికి మాట్లాడుకున్నాం. అయితే ఆసుపత్రిలో అడుగు పెట్టగానే బరువు పేరు చెప్పి కోస్తారన్న భయం పోలేదు. మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చదివాను. షుగర్ ఉన్నందుకు ఇక ఆపరేషను తప్పదా?

జవాబు: స్టాఫ్ నర్సు

తప్పదని ఎవరూ అనలేరు. ముందు తిండి సరిచేసుకోండి: అన్నం తగ్గించి, ఆకుకూరలు, పప్పు, గుడ్డు పెంచి, ఒకేసారి ఎక్కువ తినకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. మామిడిపండ్లు, బెల్లం కాఫీ ప్రస్తుతానికి వద్దు. తిన్న రెండు గంటలకు చక్కెర 120 లోపు ఉండాలి. సాధారణంగా రెండు వారాలు తిండితోనే చూసి, తగ్గకపోతే మందు మొదలుపెడతారు. మీకు నెలలు నిండవస్తున్నాయి కనుక ఎన్ని రోజులు ఆగాలో డాక్టరుగారే చెప్పాలి, ఈ వారమే చూపించుకోండి.

మన దేశపు మార్గదర్శకాల ప్రకారం షుగర్ అదుపులో ఉన్నవారికి 39 వారాలు నిండేదాకా ఆగి, అప్పటికీ నొప్పులు రాకపోతే నొప్పులు తెప్పిస్తారు. షుగర్‌తో పాటు అంచనా బరువు నాలుగు కిలోలు దాటితే ఆపరేషను గురించి ఆలోచించమన్నారు. అమెరికా వైద్యులు షుగర్ ఉన్నవారికి ఆ హద్దును నాలుగున్నర కిలోలుగా, లేనివారికి ఐదుగా పెట్టుకున్నారు. అంటే ఇది గీత గీసి చెప్పే లెక్క కాదు, మాట్లాడుకోవలసిన విషయం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి పాప బరువు, 152 అంకె, స్కానింగు తేదీ ఒక చీటీ మీద రాసుకుని, మీ వారిని వెంటబెట్టుకుని వెళ్లండి. మామూలు కాన్పుకు ప్రయత్నించాలని మీ కోరిక అనీ, ఏ పరిస్థితి వస్తే ఆపరేషనుకు మళ్లుతారో ముందే చెప్పమనీ అడగండి. ఆ ప్రశ్నకు కూర్చోబెట్టి జవాబు చెప్పే డాక్టరును మీరు నమ్మవచ్చు. చెప్పకపోతే, నెల్లూరులోనే ఉంటారు కాబట్టి ఇంకొకరికి చూపించుకోవడానికి మీకు వ్యవధి ఉంది.

కాన్పు ఎలా అయినా, పుట్టిన గంటలోపు బిడ్డకు మీ పాలే పట్టండి. తల్లికి షుగర్ ఉన్న బిడ్డలకు పుట్టాక చక్కెర పడిపోయే అవకాశం ఉంది కనుక మడమ దగ్గర చుక్క రక్తం తీసి చూస్తారు, ఆ సూదికి కంగారు పడవద్దు. కాన్పు అయిన ఆరు వారాలకు మీరు కూడా మళ్లీ షుగర్ పరీక్ష చేయించుకోవాలి.